కడపటి గంట

కాలిఫోర్నియా రాష్ట్రమున సియెర్రా నెవాడా పర్వతములు పడమటి వైపునకు దిగి, ఓక్ వృక్షములతోడను ఎండిన గడ్డితోడను నిండిన గుట్టలుగా పలుచబడు చోట, ఆబర్న్ అను చిన్న పట్టణ మొకటి గలదు. 19వ శతాబ్దమున బంగారమును వెదకుకొనుచు వచ్చినవారు కట్టుకొనిన యూరది. ఏటేట జూన్ మాసపు కడపటి వారాంతమున, ఆదివారము ఉదయము పది గంట లగునప్పటికి, ఆ యూరివారును, పొరుగూళ్లవారును, దూరదేశములనుండి వచ్చిన బంధుమిత్రులును ప్లేసర్ హైస్కూలు మైదానమునకు చేరుకొని, పరుగుబాట చుట్టును మెట్లమీదను నిలిచి, లోనికి వచ్చు దారివైపు చూపులు నిలిపి యుందురు. వారు ఎదురుచూచునది విజేతకొఱకు గాదు. విజేత నిన్నటి సాయంకాలమే వచ్చి చేరినాడు. రాత్రి నిద్రించి లేచి, వాచిన పాదములను చెప్పులలో దూర్చుకొని, ఆయనయు నా జనములోనే యొకచోట నిలిచియుండుట కద్దు. వారు ఎదురుచూచునది చిట్టచివర వచ్చువారికొఱకు.

ఆ పరుగు పేరు వెస్టర్న్ స్టేట్స్. అడవిబాటల మీద నూఱు మైళ్లు ఒక్క బిగిని సాగు పందెములు నేడు ప్రపంచమున ననేకములు గలవు. వానికెల్ల పెద్దక్క వంటిది యిది. శనివారము వేకువను 5 గంటలకు ఒలింపిక్ వ్యాలీ యను కొండలోయలో బయలుదేరినవారు, మొదటి నాలుగున్నర మైళ్లలోనే 2,550 అడుగు లెక్కి, ఎమిగ్రెంట్ కనుమను దాటి, కొన్ని యేండ్లలో మంచును త్రొక్కుచు, మధ్యాహ్నమునకు అగ్నిగుండములవంటి లోతైన లోయలలోనికి దిగి, మరల నెక్కి, మరల దిగి, రాత్రియంతయు నెత్తికి కట్టుకొనిన దీపముల వెలుతురున నడచి, ఆబర్న్ చేరవలెను. మొత్తము దూరము 100.2 మైళ్లు, అనగా 161 కిలోమీటర్లు. ఎక్కవలసినది సుమారు 18,000 అడుగులు, దిగవలసినది సుమారు 23,000 అడుగులు. 24 గంటలలోపల వచ్చినవారికి బెల్టునకు తగిలించుకొను వెండి బకిలును, ఆపైన 30 గంటలలోపల వచ్చినవారికి కంచు బకిలును ఇత్తురు. మొదటివానికైనను నగదు బహుమాన మేమియు లేదు. ఆదివారము 11 గంటలకు గడువు ముగియును. పది మొదలు పదునొకండు వఱకు గల యా కడపటి గంటకు అక్కడివారు 'గోల్డెన్ అవర్' అని పేరు పెట్టుకొనిరి. బంగారముకొఱకు పుట్టిన యూరిలో ఆ పేరు పెట్టినవా రెవరో గాని, సరియైన చోటనే పెట్టిరి.

గెలిచినవాడు ఓడబోవువానికొఱకు మరల వచ్చి నిలుచు నా గంటను గూర్చియే నేనీ వ్యాసమున చెప్పదలచితిని. అది యెట్లు పుట్టెనో తెలియవలె నన్న కొంత వెనుకకు, గుఱ్ఱముల కాలమునకు, పోవలెను.

1955వ సంవత్సరమున వెండెల్ రోబీ యను ఆబర్న్ పౌరుడు, టాహో సరస్సు ప్రాంతమునుండి తన యూరివఱకు గల పాతబాటమీద నూఱు మైళ్లను గుఱ్ఱము ఒక్క దినములో దాటగలదని నిరూపింపదలచి, మిత్రులతో గూడి స్వారి చేసెను. అదియే టెవిస్ కప్ స్వారియై యేటేట సాగినది. 24 గంటలలో ముగించిన రౌతునకు వెండి బకిలు దొరకును. పరుగువారి బకిలు రౌతులనుండి వచ్చినదే. గార్డీ ఎయిన్స్‌లీ యను బలిష్ఠకాయుడైన యువకుడు 1971, 1972 సంవత్సరములలో ఆ స్వారిని పూర్తి చేసి, 1973లో గుఱ్ఱము 29 మైళ్లకే కుంటువడగా రాబిన్సన్ ఫ్లాట్ అను చోట ఆగిపోయెను. మరుసటి యేటికి తగిన గుఱ్ఱము లేదు. అప్పుడు, గుఱ్ఱము లేకున్న నేమి, కాళ్లతోనే వెళ్లుమని యాయనను పురికొల్పినది డ్రుసిల్లా బార్నర్. టెవిస్ కప్పును గెలిచిన మొదటి స్త్రీ యామె. ఆ స్వారిసంఘమునకు కార్యదర్శి. 1974లో గార్డీ గుఱ్ఱముల నడుమ తానొక్కడే మనుష్యుడై పరుగెత్తి, 23 గంటల 42 నిమిషములకు ఆబర్న్ చేరెను. చరిత్ర వ్రాయువారు గార్డీ పేరునే ముందు వ్రాయుదురు, అది న్యాయమే. కాని యొక మనిషి తాను చేయలేననుకొనిన పనిని మఱొక మనిషి మాటమీద చేసినాడను సంగతి, ఈ పరుగు మొదటి యడుగులోనే యున్నదని నాకు తోచును.

1977లో పందెమని పేరు పెట్టి తొలిసారిగా జరిపినప్పుడు బయలుదేరినవారు 14 మంది. గుఱ్ఱములతో పాటే, అదే బాటమీద, అదే యెండలో పరుగెత్తిరి. ముగించినవారు ముగ్గురే. ఆండీ గొంజాలెస్ అను 22 ఏండ్ల కుఱ్ఱవాడు 22 గంటల 57 నిమిషములకు వచ్చెను. రౌతుల నియమము ప్రకారము 24 గంటలతో పని ముగిసినట్లే. అయినను బాటమీద ఇంక నిద్దరు నడచుచునే యుండిరి: 53 ఏండ్ల పీటర్ మటే, 54 ఏండ్ల రాల్ఫ్ పాఫెన్‌బార్గర్. ఈ పాఫెన్‌బార్గర్ సామాన్యుడు కాడు. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుకొని వెళ్లినవారి దేహవ్యాయామమును, ఆయుర్దాయమును దశాబ్దముల పర్యంతము లెక్కించి, శ్రమచేయు దేహమునకు గుండెజబ్బు తక్కువగా వచ్చునని నిరూపించిన వైద్యశాస్త్రవేత్త. ఇతరుల నడకలను లెక్కించుచు వచ్చిన యా పండితుడు తాను స్వయముగా లోయలలో దిగి, తోడివానిని విడువక, తోడివానిచే విడువబడక, 28 గంటల 36 నిమిషములకు వచ్చి చేరెను. పట్టికలో ఇరువురికిని ఒకే కాలము వ్రాయబడి యున్నది. ఆ యిరువురి రాకను చూచిన పిమ్మటనే, మరుసటి యేటినుండి 30 గంటల గడువు ఏర్పడినది. అనగా, నేటి కడపటి గంట యొక కమిటీవారు కూర్చుండి లెక్కగట్టి నిర్ణయించినది కాదు. ఆలస్యముగా, కలసి వచ్చిన యిద్దరు మనుష్యులకొఱకు తలుపు మూయక తెఱచియుంచుటవలన కలిగినది. 1978లో పాట్ స్మైత్ అను నామె ఈ పరుగును ముగించిన మొదటి స్త్రీ యయ్యెను. ఆమె వచ్చినదియు ఆ 24 గంటల పిదపనే.

ఈ పరుగులో పాల్గొనుటకు నేడు వేలమంది దరఖాస్తులు పెట్టుదురు. ప్రవేశము సుమారు 369 మందికే. బాటలో కొంత భాగము గ్రానైట్ చీఫ్ అను సంరక్షితారణ్యమున పోవుచున్నది. 1984లో ఆ యరణ్యమునకు రక్షణశాసనము వచ్చినప్పుడు ఉన్న సంఖ్యకు మించి మనుష్యులను పంపరాదని ఏర్పాటు. పేరు లాటరీలో రాక యేండ్ల తరబడి వేచియుండువారు గలరు. పేరు వచ్చినవారును ఊరక పరుగెత్తుటకు వీలులేదు. ఎక్కడనో యొకచోట, బాట బాగుచేయుటయో, మఱియొక పందెమున నీళ్లందించుటయో, 8 గంటల శ్రమదానము చేసి యుండవలెను. ఇతరులకు నీళ్లిచ్చిన చేయి లేనిదే ఇతరులచేత నీళ్లు పుచ్చుకొను నర్హత లేదను నీ నియమము నాకు మిక్కిలి నచ్చినది.

నీళ్లు పుచ్చుకొనక తీరదు. అట్టి దూరము మీద దేహము పడు పాట్లు ఎఱుగనివారికి, ఇది యంతయు కండబలముగలవాని యొంటరి పౌరుషమని తోచును. కాని దిగుడుబాటలో ప్రతి యడుగున తొడకండరములు సాగుచునే బరువును నిలువరింపవలసి యుండుటచేత వాని పోగులు చిట్లును. ఎండవేళ రక్తము చర్మమునకును కాళ్లకును ప్రవహించి కడుపునకు చాలక, తిన్నది జీర్ణము కాక వెలికివచ్చును. దప్పికకు వెఱచి నీరు మితిమీరి త్రాగినచో రక్తములోని సోడియము పలుచనై ప్రాణమునకే ముప్పు కలుగును. నడిరాత్రివేళకు, అనగా నిద్రలేని యిరువది గంటల పిదప, చెట్టుమోడు కూర్చున్న మనిషివలె కనబడును, రాళ్లు కదలును, లేనివారు పిలిచినట్లు వినబడును. అన్నింటికంటె కష్టమైన విషయ మేమన, తన బుద్ధి తనకు తప్పుచున్నదని ఆ సమయమున తనకే తెలియదు. బాగుగానే యున్నానని చెప్పువాని కన్నులలోనికి చూచి, కాదు, కూర్చుండుము అని చెప్పుటకు మఱొక మనిషి కావలెను. ఈ విద్యలో తోడు అలంకారము కాదు, అవయవము.

అందువలననే 369 మంది పరుగెత్తుటకు సుమారు 1,500 మంది స్వచ్ఛందముగా పనిచేయుదురు. ఒక్కరు పరుగెత్తుటకు నలుగురు! బాట పొడవునను ఎయిడ్ స్టేషనులని వారు పిలుచు మజిలీలు గలవు. మన యూళ్లలోని చలివేంద్రములను తలచుకొనుడు. పెక్కింటిని ఒక్కొక్క పరుగుసంఘమువారు తమ పూచీపైన నడపుదురు. కుండలేవియో, గుడారమెక్కడ వేయవలెనో, ఏ మూలనుండి మనిషి వచ్చుట కనబడునో వారికి కొట్టినపిండి. పుచ్చకాయ ముక్కలు, ఉప్పద్దిన ఉడుకబెట్టిన బంగాళాదుంపలు, రాత్రివేళ వేడి వేడి సూపు, పగటివేళ మంచుగడ్డలు. డెవిల్స్ థంబ్ అను నిట్టనిలువు చఱియను వంకరలు తిరుగుచు ఎక్కి, ప్రాణములు కంఠమున నిలుపుకొని పైకి వచ్చినవానికి చేతిలో పుల్ల ఐసు పెట్టుదురు. పెద్ద యుద్యోగములు చేయువారును, నిరుడు ఇదే పరుగును ముగించినవారును, అపరిచితుని టోపిలో మంచుముక్కలు నింపి, మెడకు తడిగుడ్డ చుట్టి, వాంతి చేసికొనిన మూతిని తుడిచి, బొబ్బలెక్కిన పాదమును తమ తొడపైన పెట్టుకొని సూదితో నీరు తీసి పట్టీ వేయుదురు. ఇంటిలో కన్నబిడ్డకు చేయు సేవ యది.

వీరందఱిలోను నా మనస్సు నాకర్షించినవారు రకీ చకీ రేవున నిలుచువారు. 78వ మైలు వద్ద అమెరికన్ నది మధ్యశాఖను దాటవలెను. నీరు హెచ్చుగా నున్న యేడు పడవలమీద దాటింతురు. తక్కువగా నున్న యేడు ఒడ్డునుండి ఒడ్డునకు బలమైన కేబులు కట్టి, దానిని పట్టుకొని నడువుమందురు. మంచుకొండలనుండి దిగి వచ్చిన యా నీరు ఎముకలు కొఱుకునంత చల్లన. ఆ నీటిలో, నడుము మునిగియు ఱొమ్ము మునిగియు, కేబులు పొడవునను వరుసగా స్వచ్ఛందసేవకులు నిలిచియుందురు. అడుగున రాయి యెక్కడ నున్నదో, గుంట యెక్కడ నున్నదో చెప్పుచు, ఒకరి చేతినుండి మఱొకరి చేతికి పరుగరిని అందించుచుందురు. ఒకరివెనుక నొకరు రాత్రియంతయు వచ్చుచునే యుందురు; వీరు నిలుచుచునే యుందురు. దాటినవానికి బకిలు గలదు, దాటించినవారికి లేదు.

ఇది వ్రాయుచుండగా నల్లమల గుర్తునకు వచ్చుచున్నది. శివరాత్రికి వెంకటాపురము మీదుగా నాగలూటి, పెద్దచెఱువు, భీముని కొలను దాటి, కైలాసద్వారము నెక్కి శ్రీశైలము చేరు పాదయాత్రికులును, ఉగాదికి కన్నడసీమనుండి నడచి వచ్చు మల్లన్న భక్తులును ఇట్లే యడవిదారి పట్టుదురు. దారిపొడవునను ఎవరో యన్నము పెట్టుదురు, ఎవరో మజ్జిగ పోయుదురు, ఎవరో కాళ్లకు నూనె రాయుదురు, పేరడుగువారు లేరు. భీముని కొలను మెట్లపై కూలబడినవానిని 'లే, శివా' యని చేయిపట్టి లేపువాడు తానును అంతే యలసినవాడు. అక్కడ గమ్యమున దేవుడున్నాడు, ఇక్కడ పాఠశాల మైదానమున్నది. ఈ భేదము చిన్నది కాదు. అయినను అలసినవానికి అలసినవాడే యర్థమగునను మాట రెండుచోట్లను ఒక్కటే.

62వ మైలు వద్ద ఫారెస్ట్‌హిల్ అను నూరు. అక్కడినుండి ప్రతి పరుగరియు పేసరు నొకని వెంట గొనిపోవచ్చును. పేసరనగా తోడు నడచువాడు. ముచ్చట్లు చెప్పును, పాట పాడును, తినుమని బలవంతపెట్టును, దారి చూపును, ఒక్కొక్కప్పుడు గంటల తరబడి మాటలాడక వెనుకనే నడచును. కాని నియమ మొకటి గలదు: తోడు ఉండవచ్చును గాని మోయరాదు. పరుగరి నీళ్లసీసానైనను పేసరు తన చేత పట్టుకొనుట నిషిద్ధము. తోడుండుటకును మోయుటకును నడుమ నున్న యా సన్నని గీత ఎంత కఠినమో 2006వ సంవత్సరమున లోకమునకు తెలిసినది. ఆ యేడు బ్రయన్ మారిసన్ అందఱికంటె ముందు ప్లేసర్ మైదానమున ప్రవేశించి, ఇంక మూడువందల గజములు మాత్రమే మిగిలియుండగా కుప్పకూలెను. లేచెను, మరల కూలెను. వెంటనున్న మిత్రులు చూచి యోర్వలేక భుజములు పట్టి లేపి, గీత దాటించిరి. ఆ మిత్రులలో నొకడు స్కాట్ జురెక్. 1999 మొదలు 2005 వఱకు వరుసగా ఏడు పర్యాయములు ఈ పందెమును గెలిచినవాడు, నియమములు తెలియనివాడు కాడు. న్యాయనిర్ణేతలు మారిసన్‌ను అనర్హునిగా ప్రకటించిరి. వారి తీర్పు సరియైనదే యని నేనందును. మిత్రుల చేతులు ముందుకు చాచబడుటయు సరియైనదే యని యందును. రెండును సరియైనవగుట మనుష్యజీవితమున నరుదు కాదు. మారిసన్ పదియేండ్ల తరువాత, 2016లో, మరల వచ్చి, ఆ మిగిలిపోయిన గజములను తన కాళ్లమీదనే పూర్తిచేసెను.

ఆ 2016లోనే జిమ్ వామ్స్‌లీ యను యువకుడు పందెపు రికార్డును మించిన వేగమున పోవుచు, తొంబది మైళ్లు దాటిన పిదప దారితప్పెను. మరల దారికి వచ్చునప్పటికి సర్వమును పోయినది. అతడు విరమింపలేదు, నడచెను, మందిలో నొకడై 20వ స్థానమున వచ్చి చేరెను. 2019లో 14 గంటల 9 నిమిషముల 28 సెకనులలో ముగించి చరిత్రకెక్కిన వాడీతడే. అయినను ఆ యిరువదవ స్థానపు నడకయే నాకు ప్రియతరము. జురెక్ విషయమునను అంతే. ఆయన గెలిచిన యేండ్లలో, బహుమానము పుచ్చుకొని గదికి పోక, ముగింపుగీత చెంతనే దుప్పటిసంచిలో పండుకొని, రాత్రియు మరునాటి యుదయమును వచ్చిన వారి నెల్ల పలుకరించెడివాడు. తన తరువాత ఎన్నో గంటలకు వచ్చినవాడు తనకంటె అన్ని గంటలు ఎక్కువ కష్టపడినాడని గ్రహించినవాడు గాని యట్లు చేయలేడు.

ఈ తీరు ఒక్క ఆబర్న్‌కే పరిమితము కాదు. కొలరాడోలో సిల్వర్టన్ అను పాతగనుల యూరిచుట్టు జరుగు హార్డ్‌రాక్ పరుగున ముగింపునకు గీత లేదు. పొట్టేలితల చిత్రించిన పెద్ద రాతిని ముద్దుపెట్టుకొనవలెను. 2016లో అక్కడ కీలియన్ జోర్నే, జేసన్ ష్లార్బ్ అను నిరువురు అగ్రగాములు, రాత్రియంతయు కలసి నడచి, కడపట నొకరినొకరు దాటిపోవుటకు మనసొప్పక, చేతులు పట్టుకొని వచ్చి యా రాతిని కలసి ముద్దాడిరి. 22 గంటల 58 నిమిషముల కాలము ఇరువురికిని సమానముగా వ్రాయబడెను. ఆల్ప్స్ పర్వతములలో మోంబ్లాఁ శిఖరము చుట్టు, ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు దేశముల మీదుగా సుమారు 171 కిలోమీటర్లు సాగు పరుగు 2003లో ఆరంభమైనది. నేపాలుదేశీయుడగు దావా షెర్పా దాని మొదటి విజేత. ఆపదలోనున్న తోటివానికి సాయపడుట ప్రతి పరుగరికిని విధియని ఆ పరుగు నియమావళిలోనే వ్రాసియుంచిరి.

విధి యని యేల వ్రాయవలసివచ్చెనో చైనాలో జరిగిన ఘోరము తెలుపును. 2021 మే 22వ తేదీన గాన్సు ప్రాంతమున, పసుపునది తీరపు శిలారణ్యమున, నూఱు కిలోమీటర్ల కొండపరుగునకు 172 మంది బయలుదేరిరి. మధ్యాహ్నమునకు చలిగాలి విసరెను, వడగండ్లు కురిసెను, మంచువాన పడెను. పలుచని బట్టలతో, ఆశ్రయము లేని యెత్తైన శిఖరపుటంచున చిక్కుకొని 21 మంది మరణించిరి. దేశములోకెల్ల మేటి పరుగరులును వారిలో నుండిరి. ఆనాడు జూ కెమింగ్ అను గొఱ్ఱెలకాపరి వానకు వెఱచి యొక గుహలో తలదాచుకొనియుండెను. ఆ గుహలో ఆయన ముందు జాగ్రత్తగా కట్టెలును దుప్పట్లును దాచియుంచుకొనెను. బయట నొకడు కాళ్లు కొంకర్లు పోయి నిలిచియుండుట చూచి, లోనికి గొనివచ్చి, చేతులు కాళ్లు రుద్ది, మంట వేసెను. పిదప మఱికొందఱు గుహకు చేరిరి. స్పృహలేక పడియున్న వానిని బయటికి పోయి మోసికొనివచ్చెను. మొత్తము ఆఱుగురిని బ్రదికించెను. తక్కినవారిని బ్రదికింపలేకపోతినే యని యాయన తరువాత బాధపడెను. పరుగుపందెమన నేమో యెఱుగని యా కాపరి, ఈ సమాజములోని వాడు కాడని నేను చెప్పలేను. ఇట్టి బాటలమీద తోడన్నది సౌఖ్యమునకు చెందిన మాట కాదనియు, చలివేంద్రమునకును చలివేంద్రమునకును నడుమ మనిషి లేని దూరము మృత్యువు కొలుచు దూరమనియు ఆ యిరువది యొక్క మంది ప్రాణములు చెప్పుచున్నవి.

మరల ఆబర్న్‌కు వత్తము. ఆదివారము ఉదయమున, పరుగువారందఱి వెనుక, కడపటి మనిషి వెనుక, బాటమీద గుఱ్ఱపు రౌతులు మెల్లగా వత్తురు. ఎవరును అడవిలో పడిపోయి మిగిలిపోలేదని చూచుకొనుట వారి పని. కుంటువడిన యొక గుఱ్ఱమువలన పుట్టిన పరుగునకు ఇట్లు గుఱ్ఱములే వెనుక కావలి.

2015 జూన్ 28వ తేదీన ఆ రౌతులకు కొంచెము ముందుగా వచ్చుచున్నది గున్‌హిల్డ్ స్వాన్సన్. వాషింగ్టన్ రాష్ట్రమునుండి వచ్చినది, వయసు 70, మనుమలు గలది. డెబ్బదియేండ్ల స్త్రీ యెవరును అంతవఱకు ఈ పరుగును గడువులోపల ముగించి యుండలేదు. పట్టణపు టంచున రోబీ పాయింట్ అను మలుపు నామె చేరునప్పటికి మిగిలినది మైలుపావు దూరము. కాలము మాత్రము మిక్కిలి కొంచెము. అక్కడ నామెకొఱకు నిలిచియున్నవారిలో రాబ్ క్రార్ ఉండెను. ముందునాటి సాయంకాలము 14 గంటల 48 నిమిషములకు ఆ యేటి పందెమును గెలిచినవాడు. కాళ్లకు రబ్బరు చెప్పులు. ఆ చెప్పులతోనే యామె ప్రక్కన పరుగెత్తనారంభించెను. నూఱు మైళ్లు పరుగెత్తి ఒక్క రాత్రి గడచిన దేహము ఎట్లుండునో తెలిసినవారికి ఆ చెప్పుల పరుగు విలువ తెలియును.

ఆ దృశ్యము చలనచిత్రముగా దొరకుచున్నది. నేనెన్ని పర్యాయములు చూచితినో లెక్కలేదు. ముదుసలి పొట్టి పొట్టి యడుగులు వేయుచు మైదానములోనికి వచ్చును. పరుగుబాట మీద ఇంక మూడువందల మీటర్లు. చుట్టునున్న జనమంతయు నొక్క గొంతుకయై యఱచుచుండును. మైదానపు లోపలి గడ్డిమీద నెందఱో యామెతో పాటు పరుగెత్తుచుందురు, ఒకరును ఆమెను తాకరు. గడియారము 29 గంటల 59 నిమిషములు చూపుచు సెకనులు లెక్కపెట్టుచుండును. ఆమె దానివైపు చూచుట లేదు. 29 గంటల 59 నిమిషముల 54 సెకనుల వద్ద ఆమె గీత దాటినది. మిగిలినవి 6 సెకనులు. 1977లో పాఫెన్‌బార్గరును మటేయును కలసి వచ్చుటచేత చేర్పబడిన యా యాఱు గంటల యదనపు గడువులో, ముప్పదియెనిమిదేండ్ల తరువాత, ఆ యమ్మ యాఱు సెకనులు మాత్రమే మిగిల్చి తక్కినదంతయు వాడుకొన్నది.

మరుసటి యేడు, 2016లో, 72 ఏండ్ల యొక వృద్ధుడు అదే మైదానమునకు వచ్చెను. గడువులోపల ముగించినచో ఆ పరుగు ముగించినవారిలోకెల్ల ఎక్కువ వయసువాడగును. నడుము ప్రక్కకు ఒరిగిపోయియున్నది; పరుగుబాట మీద తూలి పడెను; లేచెను. ఆయన యింకను గీతకు దూరముగా నుండగనే 30 గంటలు నిండినవి. కాలమయినదని కొమ్ము మ్రోగెను. పట్టిక ముగిసినది, అందులో ఆయన పేరు చేరదు. ఆ సంగతి ఆయనకును తెలియును, చుట్టునున్న వేయిమందికిని తెలియును. ఆయన నడచుచునే యుండెను. గడియారము ఇంకొక నిమిషమును, దానిపైన మఱియొక నిమిషమును దాటి పోవుచుండగా, ఆబర్న్ జనము మెట్లు దిగక, ఇండ్లకు కదలక, ఆయన ఆ గీతను చేరువఱకు కరతాళములు మ్రోగించుచు నిలిచియే యుండెను.